స్క్రాబుల్‌లో క్యూ వచ్చి యూ రాకపోతే ఏ మాటలు వెయ్యాలి

అక్షరాల టైల్స్‌తో బోర్డు మీద ఇంగ్లీషు మాటలు పేర్చే స్క్రాబుల్ ఆడేవాళ్ళందరికీ ఇది తెలిసిన తిప్పలే, చేతికి క్యూ వస్తుంది, ఇంగ్లీషులో దాని వెనకాల మామూలుగా ఉండాల్సిన యూ మాత్రం రాదు. మొత్తం 100 టైల్స్‌లో యూలు ఉన్నవే 4, అవి అప్పటికే బోర్డు ఎక్కేసి ఉంటాయి, లేదంటే అవతలివాళ్ళు పట్టుకుని కూర్చుంటారు, మనమేమో 10 పాయింట్ల టైల్ కదా అని వదల్లేక ఆటంతా యూ కోసం ఎదురుచూస్తాం. అసలు ఆ అవసరమే లేదండి. క్యూ తర్వాత యూ రాని చిన్న మాటలు బోలెడున్నాయి, అందులో చాలావరకు మన ఇళ్ళల్లో రోజూ వినపడేవే.

ఒక్క మాట ముందే చెప్తా. నేను చెప్పేవి కాలిన్స్ స్క్రాబుల్ లిస్టులోవి, అంటే ఆటలో ఏ మాటలు చెల్లుతాయో చెప్పే జాబితా. అమెరికా, కెనడాల్లో వాడే లిస్టు వేరు, అక్కడున్న చుట్టాలతో ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు ఏ డిక్షనరీ అన్నది మొదటే తేల్చుకోండి, మధ్యలో గొడవెందుకు.

మొదట బట్టీ పట్టాల్సింది క్యూ-ఐ. పలకడం చీ అని. చైనా వైద్యంలో ఒంట్లో తిరిగే శక్తిని అలా అంటారు, మన యోగా మాస్టర్లు ప్రాణం అంటారే, దాదాపు అదే. రెండక్షరాలే కాబట్టి ఎక్కడైనా ఇరికించొచ్చు, పైగా ట్రిపుల్ లెటర్ గడిలో (అక్షరం పాయింట్లు మూడింతలయ్యే గడి) క్యూ పెట్టి అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి ఇదే మాట వచ్చేలా చేస్తే 31, 31 కలిపి 62 పాయింట్లు, ఒక్క క్యూతో. ఈ ఒక్కటి గుర్తున్నా మీ క్యూ భయం చాలావరకు పోతుంది. చివర ఎస్ తగిలించినా చెల్లుతుంది.

తర్వాత క్యూ-ఏ-టీ, ఖాట్. యెమెన్, ఇథియోపియా, సోమాలియా వైపు జనం బుగ్గన పెట్టుకుని నమిలే ఆకు, కాస్త మత్తుగా హుషారుగా ఉంటుందట. ఎస్-యూ-క్యూ అంటే అరబ్బు దేశాల బజారు, దుబాయ్ వెళ్ళొచ్చినవాళ్ళకి గోల్డ్ సూక్ తెలుసుగా, ఆ సూకే. ఇందులో యూ ఉంది కానీ క్యూకి ముందు ఉంది, అది చూసుకోండి. అన్నట్టు ఖతార్, ఇరాక్ వెయ్యకండి, దేశాల పేర్లు చెల్లవు.

ఇక అసలు మజా ఇక్కడుంది. ఉర్దూలో గొంతు లోపల్నుంచి పలికే క ఒకటుంది, అరబ్బీ నుంచి వచ్చిన అక్షరం, ఇంగ్లీషులో దాన్ని ఎక్కువగా క్యూతో రాస్తారు. అందుకే మనం ఫకీరు అనేది ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్ అయింది, ఖాజీ క్యూ-ఏ-డీ-ఐ అయింది (జెడ్ కాదు, డీ), బురఖా బీ-యూ-ఆర్-క్యూ-ఏ. ముఖానికి వేసుకునే నికాబ్ ఎన్-ఐ-క్యూ-ఏ-బీ, తలాక్ టీ-ఏ-ఎల్-ఏ-క్యూ, వక్ఫ్ బోర్డులో వక్ఫ్ డబ్ల్యూ-ఏ-క్యూ-ఎఫ్. ఆఖరికి పరోటాలోకి తినే కుర్మా కూడా క్యూ-ఓ-ఆర్-ఎమ్-ఏ అని చెల్లుతుంది, కే పెట్టి రాసినా చెల్లుతుంది, అందుకే చేతిలో ఏది ఉంటే అది.

కానీ మనం ఖ అని రాసే ప్రతిదానికీ క్యూ పెట్టేస్తే మునుగుతాం. ఉర్దూలోనే గొంతు గరగరలాడించే ఖ ఇంకోటి ఉంది, ఖాన్, ఖాకీ లాంటివి, వాటికి కే-హెచ్ వస్తుంది. తెలుగులో చాలాసార్లు రెండూ ఖ గానే రాసేస్తాం కాబట్టి ఈ తికమక.

ఇంకో చిక్కు క్యూ-ఏ-ఐ-డీ దగ్గర. చూడగానే ఖైదు అనిపిస్తుంది, కాదు. ఇది ఖాయిద్, అంటే నాయకుడు, జిన్నాని ఖాయిదే ఆజమ్ అంటారే అందులోది. క్యూ-ఏ-ఎన్-ఏ-టీ కూడా అంతే, పెళ్ళి షామియానాకి కట్టే కనాతు అనుకోవద్దు, ఇరాన్ వైపు భూమి కింద తవ్వే నీటి కాలువ అది, మనకి దగ్గర్లో బీదర్‌లో బహమనీల నాటి అలాంటి కాలువ ఇప్పటికీ ఉంది.

మిగిలినవి గబగబా చెప్పేస్తా. క్యూ-ఓ-పీ-హెచ్ హీబ్రూ లిపిలో ఒక అక్షరం, టీ-ఆర్-ఏ-ఎన్-క్యూ మత్తుమందుకి పొట్టి పేరు, క్యూ-డబ్ల్యూ-ఈ-ఆర్-టీ-వై మీ కీబోర్డు పై వరసే, వేరే చెప్పక్కర్లేదు.

నిజానికి రూల్ ప్రకారం అర్థం తెలియక్కర్లేదు, న్యూజిలాండ్‌కి చెందిన నైజెల్ రిచర్డ్స్ అయితే ఫ్రెంచ్ మాట్లాడ్డం రాకుండానే 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. కానీ మన ఇళ్ళల్లో ఆ రూల్ నడవదు, మాట వెయ్యగానే దీనర్థం చెప్పు అని బావగారో వదినో నిలదీస్తారు, అప్పుడు నోరు తెరవకపోతే టైల్స్ తీసెయ్యమంటారు. అందుకే అర్థంతో సహా నేర్చుకుంటే మంచిది, అలా అయితే స్పెల్లింగ్ కూడా మర్చిపోం.

ఆడేటప్పుడు క్యూ చేతికొస్తే ఒక ఐ దాచుకోండి, సెట్‌లో ఐలు 9 ఉంటాయి కాబట్టి యూ కంటే తొందరగా దొరుకుతుంది, ఏ అక్షరంగానైనా వాడుకునే ఖాళీ టైల్ బ్లాంక్‌నైనా ఐ చేసుకోవచ్చు కానీ అది మరీ తప్పనప్పుడే. ఎక్కడా ఇరకకపోతే ఒక ఛాన్స్ వదులుకుని మార్చేసుకోండి, అయితే సంచిలో కనీసం 7 టైల్స్ ఉన్నప్పుడే మార్చనిస్తారు. ఆట అయిపోయేటప్పటికి క్యూ మీ దగ్గరే ఉండిపోతే మీకు 10 పోతాయి, టైల్స్ ముందు అయిపోగొట్టినవాళ్ళకి ఆ 10 కలుస్తాయి, అంటే తేడా 20.