మసక తెర యాప్ తీసేశాకే చార్జింగ్ ఎక్కువసేపు నిలిచింది

విజయవాడ ఎండలో ఫోను తెర కనబడాలంటే వెలుగు పూర్తిగా పెంచాల్సిందే. బందరు రోడ్డులో పనులు చూసుకుని ఇంటికి చేరేలోపే నా ఫోను చార్జింగ్ అడుగంటేది. తెలిసినవాళ్లు చెబితే తెరను మసకబార్చే యాప్ వేసుకున్నాను. కళ్లకు హాయిగానే ఉంది, చార్జింగ్ మాత్రం ఎప్పటిలాగే కరిగిపోయింది.

కారణం తెరలోనే ఉంది. నాది ఎల్‌సీడీ. బొమ్మ వెనుక బ్యాక్‌లైట్ వెలుగుతూ ఉంటుంది, కరెంటు తాగేది అదే. ఇలాంటి యాప్‌లు చాలావరకు ఆ లైటు జోలికి వెళ్లవు, తెర మీద నల్లటి పొర పరుస్తాయి, అంతే. లాంతరు వత్తి తగ్గించకుండా చిమ్నీకి మసి పూసినట్టు! ఓఎల్‌ఈడీ తెరల సంగతి వేరు. అక్కడ ప్రతి చుక్కా తానే వెలుగుతుంది కాబట్టి బొమ్మ నల్లబడినకొద్దీ ఖర్చు నిజంగానే తగ్గుతుంది.

యాప్ తీసేశాను. ఇంట్లో ఉన్నంతసేపూ ఫోనులోని బ్రైట్‌నెస్ గీతనే బాగా కిందికి లాగుతున్నాను. తెర దానంతట అదే ఆరిపోయే గడువును 30 సెకన్లకు కుదించాను. ఇప్పుడు రాత్రి భోజనాల దాకా చార్జర్ వెతుక్కోవడం లేదు.

ఇంకొక మాట. ఆ నల్లపొర పరచడానికి ఇలాంటి యాప్‌లు సాధారణంగా ఇతర యాప్‌ల పైన కనిపించే అనుమతి అడుగుతాయి. ఊరూపేరూ తెలియని యాప్‌కు అంత చనువు ఇవ్వకండి.