పసుపు ప్రశ్నార్థకం, ఎర్ర గుర్తు: సొంత సర్వర్‌లో ఈ-సంతకాల తిప్పలు

లబ్ధిదారుల కాగితాలు ఎవరి క్లౌడ్‌లోకో పోకూడదని డాక్యుసీల్, డాక్యుమెన్సో లాంటి ఈ-సంతకాల ప్రోగ్రాములు కొందరు ఆఫీసు కంప్యూటర్‌లోనే పెట్టుకున్నారు. ఒడిశాలో రాయగడ, పర్లాకిమిడి వైపు చిన్న ట్రస్టులకు ఇది మంచి పద్ధతే. పెట్టాక ఇక సందేహాలతో ఫోన్లు మొదలవుతాయి.

"సంతకం నకిలీదా? పసుపు ప్రశ్నార్థకం వస్తోంది"

నకిలీ కాదు. సంతకానికి వాడిన డిజిటల్ సర్టిఫికెట్ మీరే తయారుచేసుకున్నది, అడోబీ రీడర్‌కు దాని ముక్కూమొహం తెలియదు. ఈ-ఆధార్ పీడీఎఫ్‌లో చాలామంది చూసే ప్రశ్నార్థకం కూడా ఈ బాపతే. మీతో పనిచేసే సంస్థకు మీ .cer ఫైలు (సర్టిఫికెట్ మాత్రమే ఉండేది) పంపి, నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితాలో కలుపుకోమనండి. పొరపాటున కూడా .p12 ఫైలు పంపకండి, మీ రహస్య తాళంచెవి ఉండేది అందులోనే. కాగితం ప్రభుత్వ ఆఫీసుకు వెళ్లేదైతే ఈ తంటా వద్దు. లైసెన్సు ఉన్న సంస్థ ఇచ్చే డీఎస్‌సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) తీసుకోండి.

ఎర్ర గుర్తు వస్తే మాత్రం టెన్షన్ పడాల్సిందే. సంతకం తర్వాత ఫైలు మారిందని దాని అర్థం కావచ్చు. చాలాసార్లు దొంగ ఎవరూ ఉండరు. సైజు తగ్గిద్దామని ఎవరో ఆన్‌లైన్ కంప్రెస్ సైట్‌లో వేసి ఉంటారు. గోప్యత కోసం ఇంత చేసి, చివరికి కాగితం అక్కడ పెట్టడమేంటో! సర్వర్‌లో ఉన్న అసలు కాపీనే మళ్లీ పంపండి.

"అందరూ సంతకం పెట్టారు, ఇంకా పెండింగే"

డాక్యుమెన్సో అయితే ముందు cert.p12 చూడండి, సీలు వేసే సర్టిఫికెట్ ఫైలు అదే. డాకర్‌లో (ప్రోగ్రాములను విడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) డాక్యుమెన్సో 1001 నంబరు యూజర్‌గా నడుస్తుంది. ఆ యూజర్‌కు ఫైలు చదివే అనుమతి లేకపోయినా, దాని పాస్‌ఫ్రేజ్ (పాస్‌వర్డ్) తప్పైనా పీడీఎఫ్‌పై చివరి డిజిటల్ సీలు పడదు, అందుకే పెండింగ్.

"ఆఫీసులో లింక్ తెరుచుకుంటోంది, బరంపురంలో తెరుచుకోవట్లేదు"

లింక్‌లో లోకల్‌హోస్ట్ (అంటే 'ఇదే కంప్యూటర్') అని ఉంటే సెట్టింగ్స్‌లో సైటు అడ్రస్ మార్చండి. అడ్రస్ సరిగానే ఉంటే రౌటర్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీకు సొంత పబ్లిక్ ఐపీ లేనట్టే, బయటివాళ్లను మీ సర్వర్‌కు మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా దండగ. చిన్న వీపీఎస్ (పబ్లిక్ ఐపీ ఉన్న అద్దె సర్వర్) తీసుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో మీ మెషీన్‌కు కలపండి. టీఎల్‌ఎస్ (https లింక్‌కు వేసే తాళం) మాత్రం మీ ఆఫీసు మెషీన్ దగ్గరే విప్పాలి. మధ్యవాళ్ల దగ్గర విప్పే టన్నెల్ వాడితే కాగితాలు వాళ్లూ చూడగలరు.

"పేరు బదులు డబ్బాలు"

ఫారంలో వాడిన ఫాంట్‌లో తెలుగు గానీ ఒడియా గానీ లేదు. నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా వేసి చూడండి. డబ్బాలు పోయినా కొన్నిచోట్ల వత్తులు చెదురుతాయి. నన్నడిగితే పేరు, ఊరు లిబ్రెఆఫీస్‌లోనే టైప్ చేసి పీడీఎఫ్ చేసేయండి. సర్వర్‌లో వేలితో గీసే సంతకం ఒక్కటే ఉంచండి.

"వీలునామా కూడా దీంట్లోనే చేయొచ్చా?"

కుదరదు. ట్రస్టు డీడ్ కూడా అంతే. 2000 నాటి ఐటీ చట్టం మొదటి షెడ్యూల్ ఈ రెండింటినీ ఆ చట్టం పరిధి నుంచి పక్కన పెట్టింది. వాటికి కాగితం, పెన్ను కావాల్సిందే.