అమ్మ వైద్యం బాకీల కోసం ఫోన్లు వస్తుంటే

చిత్తూరులో కోర్టుకు దగ్గరగా నాకొక జిరాక్సు దుకాణం ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఊరి వాళ్ల నోటీసులకూ ప్రామిసరీ నోట్లకూ నకళ్లు తీస్తున్నాను. ఇంత చూసిన దాన్ని, అమ్మ పోయిన పన్నెండో రోజు రికవరీ ఏజెంటు ఫోను చేసి "అమ్మ రుణం తీర్చుకోరా తల్లీ?" అనగానే గొంతు పూడుకుపోయి, "కట్టేస్తాను సార్" అనేశాను. ఎంతో, ఎవరికో, ఎందుకో అడగనే లేదు.

తల్లి రుణం వేరు, బాకీ వేరు. ఏజెంట్లు ఆ రెంటినీ కలిపి మాట్లాడతారు. మీకు అలాంటి ఫోను వస్తే, "వివరాలు కాగితం మీద పంపండి, చూసి చెబుతాను" అని ఒక్క మాట చెప్పి పెట్టేయండి. కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణం చేస్తానన్నా సరే, కాగితం రానిదే అంకె ఒప్పుకోకండి. "మంచి మనసుకు గుర్తుగా ఒక వెయ్యి వేయండి" అంటారు, అదీ వేయకండి. మామూలు అప్పు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఆ గడువు తీరకముందే మీరు బాకీ ఉన్నట్టు రాసి సంతకం పెడితే, లేదా కొంత సొమ్ము కట్టినట్టు మీ రాతతో ఆధారం ఇస్తే, మూడేళ్లూ మళ్లీ మొదటి నుంచి లెక్క.

మా సంగతి ఇది. 64వ ఏట అమ్మకు ఎడమవైపు పక్షవాతం వచ్చింది. తిరుపతిలో ఆసుపత్రి ఖర్చులకు ఆమె పేరుతోనే ఒక ఫైనాన్సు కంపెనీలో 1,20,000 తీసుకున్నాం. అమ్మ కుడిచేత్తో సంతకం పెట్టింది, తమ్ముడు హామీదారు. తరువాత ఏడు నెలలు తిరుపతిలోనే ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంచాం, నెలకు 22,000. చివరికి రెండు చోట్లా బాకీ మిగిలింది, రెండింటి తరఫునా ఏజెంట్లు నాకే ఫోను చేశారు. నేను జవాబిస్తాను కాబట్టి!

అందుకని మొదట చూడవలసింది మొత్తం కాదు, సంతకం. కన్నపిల్లలం అయినంత మాత్రాన తల్లిదండ్రుల అప్పు మన మెడకు చుట్టుకోదు. చనిపోయినవారి నుంచి మనకు ఎంత ఆస్తి వచ్చిందో అంతవరకే వారసుల బాధ్యత. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న పాత హిందూ న్యాయసూత్రం పట్టుకుని కోర్టుకు వెళ్లే దారి కూడా 2005 సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పులకు మూసుకుపోయింది. కానీ హామీ సంతకం పెట్టినవారి సంగతి వేరు. అసలు అప్పుదారు ఎంత బాధ్యుడో హామీదారూ అంతే. తమ్ముడు "నాకేం తెలుసు, ఆసుపత్రి హడావిడిలో పెట్టమంటే పెట్టాను" అన్నాడు. ఆ జవాబు కోర్టులో నిలవదు. ఇక కేంద్రంలో చేర్చేటప్పుడు "బిల్లులకు బాధ్యత వహించే వ్యక్తి" అన్న గీత మీద సంతకం నాదే. అంటే ఫైనాన్సు అప్పు నాది కాదు, కేంద్రం బాకీ మాత్రం నాదే. ఇది ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది.

ఫైనాన్సు అప్పు త్వరగా తెగింది. ఒప్పందం నకలు తెప్పించి చదివితే బీమా ప్రీమియం అని 2,300 పట్టుకున్నట్టు కనిపించింది. అప్పుదారు చనిపోతే మిగిలిన బాకీ బీమా కంపెనీ కట్టే ఏర్పాటు అది. మరణ ధ్రువపత్రం పెట్టి దరఖాస్తు చేశాం, బాకీ తీరింది. ఫోను చేసిన ఏజెంటు ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. మీ ఇంట్లో ఇలాంటి అప్పు ఉంటే ముందు ఆ ప్రీమియం గీత వెతకండి.

ఈలోగా ఆ ఫైనాన్సు ఏజెంటు రాత్రి తొమ్మిదీ నలభైకి తమ్ముడికి ఫోను చేశాడు, పక్కింటి వాళ్లకూ చేశాడు. బ్యాంకులకూ ఫైనాన్సు కంపెనీలకూ రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది: బాకీ వసూలుకు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు. ఫోన్ల తేదీ, సమయం రాసిపెట్టండి, సంభాషణ రికార్డు చేయండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే అధికారికి, ఫిర్యాదు చేయవచ్చు, రుసుము లేదు. వివరాలకు 14448. చంపుతాం, పొడుస్తాం అంటే మాత్రం ఆ 30 రోజులు ఆగకుండా 112కు ఫోను చేయండి.

సంరక్షణ కేంద్రం బిల్లు విషయంలో ఈ దారి లేదు, అది బ్యాంకు అప్పు కాదు కదా. వాళ్లు పంపిన ఏజెన్సీ 86,400 అడిగింది. రోజువారీ వివరాలతో బిల్లు కావాలని స్పీడ్ పోస్టులో రాశాను. వచ్చిన బిల్లును అమ్మ డిశ్చార్జి కాగితాలతో పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. (ఆసుపత్రి కాగితాలు లేకపోతే అడగండి. రోగి గానీ, అధికారం ఉన్నవారు గానీ అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని వైద్యుల 2002 నిబంధనల్లో ఉంది.) అమ్మ 11 రోజులు ఆసుపత్రిలో ఉంటే ఆ రోజులకూ భోజనం, నర్సు ఖర్చు వేశారు: సుమారు 8,000. ఫిజియోథెరపీ 30 సార్లు అన్నారు, రిజిస్టరులో 17 సంతకాలే ఉన్నాయి. ఒక్కోసారికి 500 చొప్పున 6,500 తేడా. డైపర్లు ప్రతి ఆదివారం బస్సులో నేనే మోసుకెళ్లాను, వాటికి 5,400 రాశారు. ఇవన్నీ తీసేస్తే 66,500. చేర్చిన రోజు కట్టిన 20,000 అడ్వాన్సు ఊసే లేదు. అదీ పోను 46,500.

ఈ లెక్క పట్టుకుని మా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాను. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ న్యాయసహాయం ఉచితం. ఫోనులో అయితే 15100. దావా పడకముందే లోక్ అదాలత్‌కు, అంటే ఇరువైపులనూ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే చోటికి, పెట్టారు. కేంద్రం యజమాని మొదటి విచారణకు రాలేదు. రెండోదానికి వచ్చి రిజిస్టరు చూసి కాసేపు తల గోక్కున్నారు. 46,500ను మూడు వాయిదాల్లో, ఒక్కోటి 15,500 చొప్పున కట్టేలా అవార్డు, అంటే రాజీ తీర్పు, రాశారు. దానికి కోర్టు తీర్పు (డిక్రీ)తో సమానమైన బలం ఉంటుంది, అప్పీలు ఉండదు. అందుకే కట్టగలిగిన మొత్తానికే ఒప్పుకోండి.

డబ్బు బాకీ ఉన్న సంస్థ ఖాతాలోనే వేయండి, ఏజెంటు సొంత ఫోను నంబరుకు పంపకండి. ప్రతి వాయిదాకూ రసీదు, చివర్లో బాకీ లేదన్న పత్రం తీసుకోండి. అమ్మానాన్నలు బతికే ఉంటే వాళ్ల పింఛను ఏటీఎం కార్డు బాకీ పేరుతో ఎవరి చేతికీ వెళ్లనివ్వకండి. రిటైరైన ప్రభుత్వ ఉద్యోగి పింఛనును ఇలాంటి బాకీకి కోర్టు కూడా జప్తు చేయదు.

మూడో వాయిదా కట్టిన రెండు నెలలకు కొత్త గొంతు ఒకటి, వేరే ఏజెన్సీ నుంచి, మళ్లీ 86,400 అడిగింది. ఈసారి అతనూ అమ్మ పేరే ఎత్తాడు. చిరునామా అడిగి, అవార్డు నకలు, బాకీ లేదన్న పత్రం నకలు స్పీడ్ పోస్టులో పంపాను. నకళ్లకు నాకు ఖర్చు లేదు కదా, రెండేసి పంపాను.