పత్తి ఇంట్లో ఉండగా పటాకులు కాల్చడం ఎలా?

దీపావళి సరిగ్గా పత్తి ఏరే రోజుల్లోనే వస్తుంది. నల్లగొండ, నాగర్‌కర్నూల్ వైపు ఏ ఊళ్లో చూసినా అప్పటికి వాకిట్లో టార్పాలిన్ల మీద పత్తి ఆరుతుంటుంది, వరండాలో కుప్పగా పోసి ఉంటుంది. తేమ 12 శాతం దాటితే పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు కొనరు, 8 శాతం లోపుంటేనే పూర్తి మద్దతు ధర. అందుకే ఆరబెట్టక తప్పదు. వరి కోసినవాళ్ల గడ్డివాములు కూడా ఇళ్లకు దగ్గర్లోనే ఉంటాయి. అలాంటిచోట పటాకులు కాల్చాలంటే పండుగకు ముందే కొంత పని ఉంది.

1. పగటిపూట వాడంతా తిరగండి

నలుగురు కలిసి ఎవరింట్లో పత్తి ఉంది, వాము ఎటుంది, మందు కొట్టే పంపు కోసం తెచ్చిన పెట్రోల్ డబ్బా ఎక్కడ పెట్టారు అన్నది చూడండి. చీకటి పడేలోపు ఆరబోసిన పత్తిని లోపలికి చేర్చి తలుపులు, కిటికీలు మూయాలి. పైన వెంటిలేటర్ తెరిచి ఉంటే దానికి గోనెసంచి తడిపి కట్టండి. బాలింతలు, గుండెజబ్బున్నవాళ్లు ఉన్న ఇళ్లు కూడా అప్పుడే తెలుస్తాయి. శబ్దం చేసేవి ఆ పక్కకు పోకుండా చూసుకోవచ్చు.

2. అందరికీ ఒకటే జాగా, ఒకటే టైం

ఎవరి గడప ముందు వాళ్లు కాలిస్తే ఎవరినీ ఆపలేం. ఊరి బయట ఖాళీ జాగా చూసి, ఎండుగడ్డి చెక్కించండి. చాలామందికి ముందు బడి గ్రౌండే గుర్తొస్తుంది. కానీ బడులు, ఆసుపత్రులు, కోర్టులకు 100 మీటర్ల లోపల పటాకులు కాల్చకూడదు. ఇక టైం సంగతి. దీపావళికి రాత్రి 8 నుంచి 10 గంటల వరకేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. పది దాటాక మోత ఉండదని ముందే తెలిస్తే పెద్దవాళ్లకు సగం టెన్షన్ తగ్గుతుంది.

3. కొనేటప్పుడు

రాకెట్లు, తారాజువ్వలు ఈ సీజన్‌లో అసలు వద్దు. ఎటు పోతాయో కాల్చినవాడికే తెలియదు, వాము మీద పడితే మనకు కనబడేసరికే మంట లేస్తుంది. వందల టపాకాయలు కలిపి కట్టిన లడీలను కూడా 2018లోనే కోర్టు వద్దంది. దుకాణంలో దొరికినంత మాత్రాన కొనాలని లేదు. డబ్బా మీద గ్రీన్ క్రాకర్ (పొగ తక్కువ వచ్చే పటాకు) ముద్ర, క్యూఆర్ కోడ్ చూసి తీసుకోండి. అలాగని పిల్లల చేతికిచ్చి వదిలేసేవి కావు, వాటిదీ నిప్పే.

4. కాల్చేటప్పుడు

నూలు బట్టలు, కాళ్లకు చెప్పులు. రెండు డ్రమ్ముల నీళ్లు, బకెట్లు, కొంత ఇసుక పక్కనే ఉండాలి. చిచ్చుబుడ్డి మీదికి వంగొద్దు, పొడుగాటి వత్తితో పక్కనుంచి అంటించండి. పేలనిదాని దగ్గరికి వెంటనే పోవద్దు. పావుగంట ఆగి, దూరం నుంచే నీళ్లు కుమ్మరించండి. కాకరపువ్వొత్తి ఆరిపోయినా దాని తీగ చాలాసేపు కాలుతూనే ఉంటుంది. చిన్నపిల్లల పాదాలు ఎక్కువగా కాలేది ఆ తీగ తొక్కే. అందుకే కాల్చిన ప్రతి తీగనూ బకెట్‌లోనే వేయించండి.

బర్రెలు, ఎడ్లను సాయంత్రమే మేత వేసి ఆ జాగాకు దూరంగా కట్టేయండి. కుక్కను గదిలో ఉంచి టీవీ పెడితే చాలు.

5. పత్తికి నిప్పంటుకుంటే

పైన నీళ్లు చల్లగానే మంట ఆరినట్టే ఉంటుంది, లోపల మాత్రం రగులుతూనే ఉంటుంది. కొన్ని గంటల తర్వాత మళ్లీ లేస్తుంది. ముందు మనుషులు, పశువులు బయటికి రావాలి. వెంటనే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. చిన్న కుప్పయితే కర్రలతో బయటికి లాగి, విడదీసి తడపాలి. తెల్లారేదాకా ఒకరు కాపలా ఉండాల్సిందే.

6. ఒళ్లు కాలితే

గాజులు, ఉంగరాలు తీసేసి, కాలినచోట 20 నిమిషాలు మామూలు నీళ్లు పారనివ్వండి. ఐసు, టూత్‌పేస్ట్, సిరా, పసుపు ఏవీ పూయొద్దు. కంట్లో నిప్పురవ్వ పడితే నలపకుండా, కన్ను మీద ఒత్తిడి పడకుండా కాగితం కప్పు అడ్డం పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. దెబ్బ పెద్దదయితే 108కి ఫోన్ చేయండి.

7. మర్నాడు పొద్దున

పిల్లలు లేవకముందే ఆ జాగా ఊడ్చేయండి. పేలని వాటిని ఏరి, మందు తీసి ఒకచోట పోసి అంటించడం పిల్లలకు సరదా. దొరికినవన్నీ రోజంతా నీళ్లలో నానబెట్టాకే పారేయండి.