బోటి కడిగేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

పండుగకో, మేడారం మొక్కుకో యాటను కోసినప్పుడు వరంగల్ పల్లెల్లో బోటి కడిగే పని సాధారణంగా ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుంది. బాగా ఉడికిన బోటితో భయం లేదు. అపాయమంతా దానిని కడిగే చోటనే ఉంటుంది.

మేకలు, గొర్రెలు, పశువుల పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో చాలా రకాలు హాని చేయవు. అయితే షిగా అనే విషాన్ని పుట్టించే రకాలు, ముఖ్యంగా 1982లో అమెరికాలో రోగకారకంగా గుర్తించిన ఓ157, జీవానికి ఏ జబ్బూ కలిగించకుండానే దాని పేగుల్లో ఉండగలవు కనుక, హుషారుగా మేసిన మేక బోటి మంచిదేనని అనుకోవడానికి వీలులేదు. వందలోపు బ్యాక్టీరియా కడుపులోకి పోయినా జబ్బు చేయవచ్చు.

బోటిని వంటగది సింకులో కాక, పెరట్లో ఇందుకే కేటాయించిన తొట్టిలో కడగాలి. లోపలి పెంటను చేదబావికి, బోరుకు, ఆకుకూరల మడులకు దూరంగా గుంత తీసి పూడ్చాలి. పైపు నీళ్లను జోరుగా వదిలితే తుంపరలు బట్టల మీదా, గిన్నెల మీదా పడతాయి కాబట్టి చెంబుతో నెమ్మదిగా పోసుకోవాలి. సున్నం, వేడినీళ్లతో గీకి తెల్లబడేలా చేసినంత మాత్రాన క్రిములు పోయినట్లు కాదు. పసుపు, ఉప్పు నీచువాసనను తగ్గిస్తాయే తప్ప వాటిని నమ్ముకోకూడదు. పని ముగిశాక చేతులను, కత్తిపీటను, తొట్టిని సబ్బుతో కడగాలి.

ఎక్కువగా పొరపాటు జరిగేది కొత్తిమీర దగ్గర. బోటి కోసిన కత్తిపీట మీదనే దానిని తరిగి, పొయ్యి దించిన కూర మీద చల్లితే, ఉడికించి చంపిన క్రిములను మళ్లీ పచ్చిగా వడ్డించినట్లే.

లోపలి భాగం 70 డిగ్రీల వేడిలో రెండు నిమిషాలు ఉంటే ఈ బ్యాక్టీరియా చనిపోతాయి; బోటి మెత్తబడటానికి అంతకంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. మిగిలిన కూరను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి.

తరువాత ఎవరికైనా రక్త విరేచనాలైతే మందుల దుకాణంలో యాంటీబయాటిక్ గాని, విరేచనాలు కట్టే మాత్ర గాని కొని వేయకూడదు. షిగా విషం ఉన్నప్పుడు అవి కీడును పెంచవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు మూత్రం తగ్గినా, ఒళ్లు పాలిపోయినా మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. లక్షణాలు సాధారణంగా మూడు, నాలుగు రోజులకు బయటపడతాయి కాబట్టి, ఆ ముందు ఇంట్లో యాటను కోసిన సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి.