గ్రీకు రోస్ట్ చికెన్: మొండికేసిన బంగాళాదుంపలకు మందు

గ్రీసులో ఇళ్ళలో కోడిని, బంగాళాదుంపల్ని ఒకే ట్రేలో పెట్టి నిమ్మరసం, ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండు ఒరెగానోతో ఓవెన్‌లో కాలుస్తారు. మా ఇంట్లో కోడి బాగానే కుదిరేది, దుంపలే మొండికేసేవి. గంట దాటినా కొరికితే లోపల గట్టిగానే ఉండేవి.

కారణం నిమ్మరసం. పులుపు తగిలితే దుంప తొందరగా మెత్తబడదు. చింతపండు రసం ముందే పోస్తే పులుసులో ముక్కలు ఉడకవు చూడండి, అదే సంగతి. ఇప్పుడు దుంపల్ని నిలువుగా పెద్ద ముక్కలు కోసి, ఉప్పునీళ్ళలో 8 నిమిషాలు ఉడికించి, నీళ్ళు వార్చాకే ట్రేలో వేస్తున్నాను. నిమ్మరసం చివరి 20 నిమిషాల్లోనే. అంచులు ఎర్రగా వేగి, లోపల వెన్నలా విడిపోతున్నాయి.

ఇక చర్మం కరకరలాడాలంటే, స్కిన్ తీయొద్దని చికెన్ కొట్టులో ముందే చెప్పాలి. లేదంటే మనం డబ్బులు తీసేలోపే ఒలిచేస్తారు! కోడికి ఉప్పు రాసి, ఫ్రిజ్‌లో రాత్రంతా మూత లేకుండా ఉంచితే పైతడి ఆరిపోతుంది. కిలోన్నర కోడికి 200 డిగ్రీల్లో గంటంపావు పడుతుంది. తొడ లోపల థర్మామీటరు 74 డిగ్రీలు దాటితే టెన్షన్ లేదు. ట్రేలో దిగిన రసం దుంపల మీదే పోయాలి, చర్మం మీద కాదు.

వేసవిలో మధ్యాహ్నం ఓవెన్ జోలికి పోను, ఎండ తగ్గాకే. పక్కన టమాటా, కీర, ఉల్లిపాయ, ఆలివ్‌లు, ఫెటా అనే ఉప్పటి గ్రీకు చీజ్‌తో సలాడ్. ఫెటాకు బదులు పనీర్ వేస్తే మాత్రం ఆ ఉప్పదనం రాదు.