మైళ్లు వేరే ఖాతాలో పడకుండా చూసుకోండి
గత నెల బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లివచ్చిన ప్రయాణానికి రావలసిన మైళ్లు (విమాన సంస్థలు తమ సభ్యులకు ప్రయాణాలపై ఇచ్చే పాయింట్లు), నేను ఏళ్ల క్రితం తెరిచి మరచిపోయిన మరో భాగస్వామ్య విమాన సంస్థ ఖాతాలో జమయ్యాయి. టికెట్ తీసిన ఏజెంటు దగ్గర నా పాత సభ్యత్వ సంఖ్యే ఉండిపోవడం దీనికి కారణం. స్టార్ అలయన్స్ వంటి విమాన సంస్థల కూటములలో ఒక ప్రయాణానికి మైళ్లు ఒకే సంస్థ సభ్యత్వ పథకంలో జమవుతాయి. జమయ్యాక మరో పథకానికి మార్పించుకోవడం చాలా కష్టం. కనుక కెంపేగౌడ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసు చేతికి రాగానే, దానిపై ముద్రించిన సభ్యత్వ సంఖ్యను కౌంటరు వద్దే నిలబడి సరిచూసుకోవాలి. తప్పుంటే అప్పటికప్పుడు మార్చమని అడగడం రెండు నిమిషాల పని. మన ఇంటిపేర్లతో మరో చిక్కు ఉంది: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఖాతాలో ఒక్క పొడి అక్షరంగా ఉంటే, సంఖ్య సరైనదే అయినా మైళ్లు జమ కాకపోవచ్చు. 13 అంకెల ఈ-టికెట్ సంఖ్యను, బోర్డింగ్ పాసును మైళ్లు ఖాతాలో కనబడేవరకు పారవేయకండి. ఆ పాసు కాగితంపై అచ్చు కొన్నాళ్లకే వెలిసిపోతుంది కాబట్టి, సీటులో కూర్చోగానే ఫోనులో ఫోటో తీసి ఉంచుకోవడం మేలు.